రాసేసిన డిస్కును నమ్మి, రాయని డిస్కును పక్కన పెట్టిన కేసు: ఒక రెయిడ్ 5 రికవరీ

నేపథ్యం

పాత కాగితాలను స్కాన్ చేసి భద్రపరిచే ఒక చిన్న సంస్థ కేసు ఇది. గుర్తుపట్టే వివరాలు తీసేశాను. వాళ్ల ఫైల్ సర్వర్ లైనక్స్ మీద నడుస్తుంది. ఆపరేటింగ్ సిస్టమ్ ఒక చిన్న ఎస్‌ఎస్‌డీ మీద ఉంది. డేటా అంతా 4 టీబీ హార్డ్ డిస్కులు నాలుగింటితో కట్టిన సాఫ్ట్‌వేర్ రెయిడ్ 5 మీద, దాని పైన ఎల్‌వీఎం (జాగాను వాల్యూమ్‌లుగా పంచే పొర), ఆ పైన ఈఎక్స్‌టీ4 అనే ఫైల్ సిస్టమ్. రెయిడ్ 5 అంటే డిస్కులను కలిపి ఒకే పెద్ద డిస్కులా వాడటం. డేటాతోపాటు పారిటీ అనే అదనపు లెక్కను కూడా వాటి మీద పంచి రాస్తుంది, అందుకే ఒక డిస్కు పోయినా డేటా దక్కుతుంది. అలా కలిపిన డిస్కుల గుంపును అర్రే అంటారు. విడిగా రెయిడ్ కార్డు ఏదీ లేదు. కెర్నెల్‌లోని ఎండీ డ్రైవర్, దాన్ని నడిపే ఎండీఆడ్మ్ అనే టూల్, ఈ రెండే.

బ్యాకప్ ఉందా అని ఫోన్లోనే అడిగాను. ఉందన్నారు. తీరా చూస్తే అది ఐదు వారాల కిందటిది. ఆ ఐదు వారాల్లో స్కాన్ చేసిన కాగితాల అసలు ప్రతులు ఎవరివి వాళ్లకు తిరిగి ఇచ్చేశారు. అంటే ఆ ఐదు వారాల డేటా ఈ నాలుగు డిస్కుల మీద తప్ప ఇంకెక్కడా లేదు. తర్వాత నేను తీసుకున్న ప్రతి నిర్ణయం వెనకా ఈ సంగతే ఉంది.

డిస్కులకు కెర్నెల్ ఇచ్చే ఎస్‌డీఏ, ఎస్‌డీబీ లాంటి పేర్లు బూట్ చేసినప్పుడల్లా మారవచ్చు. అందుకని సీరియల్ నంబర్లు రాసుకుని, ఒక్కో డిస్కు మీద స్టిక్కర్ అంటించి క, ఖ, గ, ఘ అని పేర్లు పెట్టాను. ఇక్కడా అవే వాడతాను.

ఏం జరిగింది

ఒక ఉదయం సర్వర్‌లోని షేర్డ్ ఫోల్డర్లు తెరుచుకోలేదు. ఎస్‌ఎస్‌డీ మీది కెర్నెల్ లాగ్ చూస్తే కథ అర్థమైంది. రాత్రి పని నడుస్తుండగా ముందు ఖ డిస్కు లింక్ డౌన్ అయింది. ఎండీ దాన్ని బయటికి నెట్టేసి మిగతా మూడింటితో నడిచింది. రెయిడ్ 5 ఉన్నది అందుకే. సరిగ్గా 19 సెకన్లకు ఘ కూడా పోయింది. నాలుగింటిలో రెండు పోతే రెయిడ్ 5 నిలబడదు, అర్రే అక్కడితో ఆగింది.

అక్కడ సిస్టమ్స్ చూసుకునే కుర్రాడు సర్వర్‌ను రీబూట్ చేశాడు. నాలుగు డిస్కులూ కనిపించాయి గానీ అర్రే మొదలవలేదు. అర్రేల స్థితి చూపించే ఎండీస్టాట్‌లో నాలుగింటి పక్కనా బ్రాకెట్లలో ఎస్ అనే అక్షరం ఉంది. "సార్, ఎస్ అంటే స్పేరే కదా? అన్నీ స్పేర్ అయిపోయాయని భయమేసింది" అన్నాడు తర్వాత. మొదలవని అర్రేలో సభ్యులన్నిటి పక్కనా ఎండీస్టాట్ అలాగే చూపిస్తుంది. దాన్ని బట్టి డిస్కు పాత్ర గురించి ఏమీ తేల్చలేం. అది తెలియక డిస్కులను మళ్లీ యాడ్ చేయబోయాడు. నడవని అర్రేకి యాడ్ చేయడం కుదరదు. పోర్టులు మార్చి చూశాడు, ఫలితం లేదు. టెన్షన్‌లో ఒక లైవ్ యూఎస్‌బీతో బూట్ చేసి, ఎక్కడో చదివిన సలహా ప్రకారం నాలుగు డిస్కులతో ఎండీఆడ్మ్ క్రియేట్, అంటే కొత్త అర్రే కట్టే కమాండ్, కొట్టాడు. ఇవి ఇప్పటికే ఒక అర్రేలో ఉన్నట్టున్నాయి, కొనసాగించాలా అని అది అడిగింది. అవునన్నాడు.

రీబిల్డ్ మొదలైంది, అంటే ఒక డిస్కును మిగతా వాటి లెక్కతో నింపే పని. నలభై నిమిషాల్లో 8 శాతం దాకా వెళ్లింది. ఈలోగా మౌంట్ చేసి చూస్తే ఫైల్ సిస్టమే లేదంది. అప్పుడు భయపడి ఆపేసి నాకు ఫోన్ చేశాడు. తను చేసినవన్నీ ఒక్కటీ దాచకుండా, వరసగా చెప్పాడు. ఆ నిజాయితీ లేకపోతే ఈ కేసు ఇంకో రకంగా ముగిసేది.

క్రియేట్‌కి ముందే నాకు ఫోన్ వచ్చి ఉంటే ఇది పది నిమిషాల పని. ప్రతి డిస్కు మీదా ఎండీ ఒక సూపర్‌బ్లాక్ రాస్తుంది. అర్రేలో ఆ డిస్కు ఎన్నో స్థానం, డేటా ఎక్కడ మొదలవుతుంది, ఈవెంట్ల లెక్క (అర్రేలో మార్పులతో పెరుగుతూ పోయే నంబర్) ఎంత అనేవన్నీ అందులో ఉంటాయి. ముందు పోయిన ఖ లెక్క కాస్త వెనకబడి ఉంటుంది, ఘ లెక్క దాదాపు సరిపోతుంది. ఉన్న అర్రేని తిరిగి కలిపే అసెంబుల్ కమాండ్‌ను ఫోర్స్ ఆప్షన్‌తో నడిపితే ఎండీఆడ్మ్ ఆ లెక్కలు చూసి క, గ, ఘలతో అర్రేని లేపి ఉండేది. క్రియేట్ ఆ సూపర్‌బ్లాక్‌లన్నిటి మీదా కొత్తవి రాసేసింది. ఎవరిది ఏ స్థానమో చెప్పే రికార్డే పోయింది.

ముందు కరెంటు సంగతి

డేటా జోలికి వెళ్లే ముందు, రెండు డిస్కులు 19 సెకన్ల తేడాలో ఎందుకు పోయాయో తేల్చుకోవాలనుకున్నాను. రెండు డిస్కులు ఒకే రాత్రి విడివిడిగా చచ్చిపోవడం అసాధ్యమేమీ కాదు. కానీ అలా జరిగిందని నమ్మే ముందు ఆ రెండింటికీ ఉమ్మడిగా ఉన్నదేమిటో వెతకాలి. కారణం తెలియకుండా మళ్లీ అదే పెట్టెలో నడిపిస్తే, రికవరీ మధ్యలో ఇదే జరగవచ్చు.

మామూలుగా నా మొదటి అనుమానం టైమవుట్ల మీదకి వెళ్తుంది. డెస్క్‌టాప్ రకం డిస్కు ఒక చెడ్డ సెక్టార్‌తో నిమిషాల తరబడి కుస్తీ పడుతుంది, కెర్నెల్ మాత్రం 30 సెకన్లకే ఓపిక వదిలేస్తుంది. మంచి డిస్కులు అర్రే నుంచి బయటపడటానికి ఇది చాలా మామూలు కారణం. ఇక్కడ అది సరిపోలేదు. డిస్కు తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే స్మార్ట్ రిపోర్టులో నాలుగు డిస్కులకూ 5, 197, 198 నంబర్ల లెక్కలు సున్నా. అంటే మార్చేసిన సెక్టార్లు లేవు, చదవలేక పెండింగ్‌లో ఉన్నవీ లేవు.

అసలు విషయం 12వ నంబర్‌లో దొరికింది. డిస్కుకు కరెంటు ఎన్నిసార్లు పోయి వచ్చిందో చెప్పే లెక్క అది. క, గ డిస్కులకు 41. ఖకి 97, ఘకి 96. నాలుగూ ఒకే పెట్టెలో, ఒకే రోజు నుంచి ఉన్నవి. పెట్టె ఆగి మొదలైనప్పుడల్లా నాలుగింటి లెక్కా కలిసే పెరగాలి. ఈ రెండింటికి మాత్రం మరో యాభై అయిదు, యాభై ఆరుసార్లు కరెంటు పోయి వచ్చింది. పెట్టె విప్పితే ఖ, ఘ రెండూ ఒకే పవర్ స్ప్లిటర్ మీద ఉన్నాయి. కనెక్టర్ ప్లాస్టిక్ ఒక మూల గోధుమ రంగుకి తిరిగింది. పాత లాగుల్లో నెలల తరబడి ఈ రెండు డిస్కుల లింక్ రీసెట్ అయిన మెసేజ్‌లు ఉన్నాయి. క్షణం సేపు పోయి వచ్చినప్పుడు కెర్నెల్ మళ్లీ ప్రయత్నించి సర్దుకుంది, ఆ రాత్రి సర్దుకోలేకపోయింది.

డిస్కులు నాలుగింటినీ తీసి వేరే మెషీన్‌కి మార్చాను. ప్రతిదానికీ పవర్ సప్లై నుంచి నేరుగా వచ్చే కనెక్టరే, స్ప్లిటర్లు లేవు.

రాయకుండా పని చేయడం

పద్ధతి ప్రకారం నాలుగు డిస్కులకూ కాపీలు తీసి, కాపీల మీదే పని చేయాలి. అప్పటికి చేతిలో ఖాళీ డిస్కులు రెండే ఉన్నాయి. వాటిని బయటికి తీసిన డేటా పెట్టుకోవడానికే ఉంచాలి. స్మార్ట్‌లో చెడ్డ సెక్టార్ల జాడ ఉండి ఉంటే మిగతావి వచ్చేదాకా ఆగి, ముందు డీడీరెస్క్యూ అనే టూల్‌తో కాపీలు తీసేవాణ్ని. జాడ లేదు కాబట్టి అసలు డిస్కులను రీడ్ ఓన్లీగా మార్చి, వాటి మీద ఓవర్‌లేలు వేశాను.

ఓవర్‌లే అంటే పుస్తకం పేజీ మీద పారదర్శక కాగితం పెట్టి, గీతలన్నీ ఆ కాగితం మీదే గీయడం. డీఎంసెటప్ అనే టూల్‌తో ఒక్కో డిస్కుకీ ఒక స్నాప్‌షాట్ పరికరం తయారవుతుంది. చదివేది అసలు డిస్కు నుంచి, రాసేదంతా వేరే చోట ఉన్న స్పార్స్ ఫైలులోకి, అంటే రాసిన మేరకే జాగా తీసుకునే ఫైలులోకి. ప్రయోగం చెడితే ఆ ఫైలు పారేసి కొత్తది వేసుకోవడమే. ఇది ఉంటేనే క్రియేట్ లాంటి ప్రమాదకరమైన కమాండ్‌ను పదిసార్లు ప్రయత్నించవచ్చు.

నేను వృథా చేసిన మధ్యాహ్నం

ఇక్కడ నా తప్పు చెప్పాలి. నాలుగు డిస్కులను వరసలో పెట్టే మార్గాలు 24. ఇరవై నాలుగే కదా అని స్క్రిప్టు రాసి, ఒక్కో వరసతో ఓవర్‌లేల మీద అర్రే క్రియేట్ చేసి, ఎల్‌వీఎం కనిపిస్తుందేమో చూడమన్నాను. రీబిల్డ్ మొదలవకుండా అస్యూమ్ క్లీన్ ఆప్షన్ పెట్టాను. ఇరవై నాలుగూ అయిపోయాయి. ఒక్కదానిలోనూ ఎల్‌వీఎం లేదు. స్క్రిప్టులో తప్పుందేమోనని గంటసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను.

తప్పు స్క్రిప్టులో కాదు, నా ఊహలో. వరస ఒక్కటే తెలియదని అనుకున్నాను. డేటా ఎక్కడ మొదలవుతుందో కూడా తెలియదని గుర్తు చేసుకోలేదు. 1.2 రకం సూపర్‌బ్లాక్ డిస్కు మొదట్లో, 4 కేబీ దగ్గర ఉంటుంది. అసలు డేటా మాత్రం కొంత జాగా వదిలాక మొదలవుతుంది. ఆ వదిలే జాగా, అంటే డేటా ఆఫ్‌సెట్, ఎండీఆడ్మ్ వెర్షన్‌ను బట్టి మారుతూ వచ్చింది. పాత అర్రేల్లో 2048 సెక్టార్లు, తర్వాతి వాటిలో 262144, ఇంకా కొత్త వాటిలో 264192 నేను తరచూ చూసినవి. లైవ్ యూఎస్‌బీలో ఉన్నది కొత్త ఎండీఆడ్మ్. నా మెషీన్‌లోదీ అంతే. 24 వరసలనూ తప్పు చోటు నుంచే చదివాను.

డిస్కులనే అడగడం

ఊహలు మానేసి డిస్కుల మొదటి కొన్ని వందల ఎంబీలను నేరుగా చదివాను. ఎల్‌వీఎం తన పరికరం రెండో సెక్టార్‌లో, అంటే మొదటి నుంచి 512 బైట్ల దగ్గర, 'లేబుల్‌వన్' అనే ఎనిమిది ఇంగ్లిష్ అక్షరాల గుర్తు రాస్తుంది. దాన్ని వెతికితే గ, ఖ రెండింటి మీదా ఒకే చోట, 134218240వ బైట్ దగ్గర దొరికింది. అందులోంచి 512 తీసేస్తే 134217728. సరిగ్గా 128 ఎంఐబీ (ఒక ఎంఐబీ 1024 కేబీ), అంటే 262144 సెక్టార్లు. పాత ఆఫ్‌సెట్ తేలింది. కొత్త క్రియేట్ తన డేటాను 129 ఎంఐబీ నుంచి మొదలుపెట్టింది కాబట్టి ఈ మొదటి ఎంఐబీ మీద రీబిల్డ్ చేయి పడలేదు. ఇది అదృష్టమే.

ఆ గుర్తు తర్వాత ఎల్‌వీఎం తన వివరాలను మామూలు అక్షరాల్లో రాసుకుంటుంది. అందులో మొదటి ఎక్స్‌టెంట్, అంటే డేటాకు ఇచ్చే మొదటి ముక్క, 3072 సెక్టార్ల దగ్గర మొదలవుతుందని ఉంది. 3072 సెక్టార్లంటే ఒకటిన్నర ఎంఐబీ. రెయిడ్ డేటాను చంక్ అనే సమాన ముక్కలుగా కోసి ఒక్కో డిస్కు మీద ఒకటి పెడుతుంది, అన్ని డిస్కుల మీదా అలా పరిచిన ఒక వరస స్ట్రైప్. ప్రతి స్ట్రైప్‌లోనూ ఒక చంక్ పారిటీది, మిగతావి డేటావి. ఎండీ అర్రే మీద ఎల్‌వీఎం తన మొదలును స్ట్రైప్ వెడల్పుకు సర్దుకుంటుంది. మూడు డేటా డిస్కులకు ఒకటిన్నర ఎంఐబీ అంటే ఒక్కో చంక్ 512 కేబీ. చంక్ సైజు కూడా దొరికింది.

ఇక వరస. లెఫ్ట్ సిమెట్రిక్ అనే మామూలు అమరికలో మొదటి స్ట్రైప్ పారిటీ చివరి డిస్కు మీద ఉంటుంది. ఆ స్ట్రైప్‌లో ఎల్‌వీఎం వివరాలు మొదటి చంక్‌లోనే ఉన్నాయి, మిగతా రెండు చంక్‌లూ ఖాళీ, అన్నీ సున్నాలు. పారిటీ అంటే డేటా చంక్‌ల ఎక్సార్ (బిట్లు ఒకటే అయితే 0, వేరైతే 1 ఇచ్చే లెక్క). దేనినైనా సున్నాలతో ఎక్సార్ చేస్తే అదే వస్తుంది. కాబట్టి పారిటీ కూడా మొదటి చంక్‌కి అచ్చు నకలే. గుర్తు రెండు డిస్కుల మీద కనిపించింది అందుకే. గ, ఖలలో ఒకటి మొదటిది, ఇంకొకటి చివరిది.

రెండో స్ట్రైప్‌లో పారిటీ ఒక డిస్కు వెనక్కి జరుగుతుంది, డేటా చివరి డిస్కు నుంచి మొదలవుతుంది. ఫైల్ సిస్టమ్ మొదలయ్యేది సరిగ్గా అక్కడే కాబట్టి ఈఎక్స్‌టీ4 సూపర్‌బ్లాక్ (ఎండీది కాదు, ఫైల్ సిస్టమ్ తన వివరాలు రాసుకునేది) చివరి డిస్కు మీద ఉండాలి. వెతికితే ఖ మీద ఉంది, చివరిసారి ఎక్కడ మౌంట్ అయిందో ఆ పాత్ పేరుతో సహా. అంటే ఖ చివరిది, గ మొదటిది. మధ్యలో క, ఘ. ఏది ముందో తెలియదు గానీ, 24 మార్గాలు రెండుకి వచ్చాయి.

ఏ మూడు డిస్కులు?

ఈ కేసులో నేను ఎక్కువసేపు ఆలోచించింది ఇక్కడే. అర్రేని మూడు డిస్కులతో లేపాలి, నాలుగో స్థానం ఖాళీగా ఉంచాలి. అలా చేస్తే రీబిల్డ్ అనే మాటే రాదు. మరి వదిలేయాల్సింది ఏది?

ఖ అందరికంటే ముందు పోయింది. చివరి 19 సెకన్లలో రాసినవి దాని మీద లేవు. ఘ ఆ 19 సెకన్లూ ఉంది, కానీ క్రియేట్ తర్వాతి రీబిల్డ్ దాని మీదే రాసింది. రెయిడ్ 5 కొత్తగా కట్టేటప్పుడు ఎండీఆడ్మ్ చివర చెప్పిన డిస్కును స్పేర్‌గా తీసుకుని, మిగతా వాటి నుంచి దాన్ని నింపుతుంది. కుర్రాడు ఇచ్చిన వరసలో చివరిది ఘ. 4 టీబీలో 8 శాతమంటే 320 జీబీ, తప్పు వరసతో, తప్పు ఆఫ్‌సెట్‌తో రాసేసిన డిస్కు. ఎవరిని అడిగినా ముందు ఘనే వదిలేయమంటారు. నాకూ మొదట అలాగే అనిపించింది.

కానీ రీబిల్డ్ నిజంగా ఏం రాసిందో చూద్దాం. రెయిడ్ 5లో ప్రతి స్ట్రైప్‌లోనూ పారిటీ అంటే మిగతా మూడింటి ఎక్సార్. అంటే ఏది పారిటీ అయినా సరే, ఒకే చోట నాలుగు డిస్కుల బైట్లనూ ఎక్సార్ చేస్తే సున్నా రావాలి. ఈ లెక్కలో వరస ఎక్కడా లేదు, చంక్ సైజూ లేదు. ఆఫ్‌సెట్ కూడా నాలుగింటికీ ఒకటే అయితే చాలు, ఎంతైనా పర్వాలేదు. రీబిల్డ్ చేసేది క, ఖ, గల ఎక్సార్‌ను అదే చోట ఘ మీద రాయడం. అక్కడ అంతకుముందు ఉన్నదీ అదే విలువ! తప్పు వరసతో నడిచినా అది ఘ మీద ఉన్న బైట్లనే మళ్లీ రాసింది.

ఇది రెండు షరతుల మీద ఆధారపడి ఉంది. ఒకటి, నాలుగు డిస్కులకూ పాత ఆఫ్‌సెట్ ఒకటే అయి ఉండాలి. ఎప్పుడైనా ఒక డిస్కును కొత్త ఎండీఆడ్మ్‌తో మార్చి ఉంటే దాని ఆఫ్‌సెట్ వేరుగా ఉండవచ్చు. అప్పుడు రీబిల్డ్ రాసింది చెత్తే. రెండోది, ఖ మీద పాతబడిన కొద్ది స్ట్రైప్‌లలో ఈ సమానత్వం నిలవదు. అక్కడ ఘ మీద తప్పు విలువ పడి ఉంటుంది.

మొదటి షరతును పరీక్షించడానికి చిన్న పైథాన్ ప్రోగ్రామ్ రాశాను. నాలుగు డిస్కులనూ మొదటి నుంచి చివరిదాకా కలిపి చదువుతూ ఎక్సార్ చేసి, సున్నా కాని చోట్లు మాత్రం రాసిపెట్టమన్నాను. రాత్రంతా నడిచింది. చెడ్డ సెక్టార్లు ఏవైనా దాక్కుని ఉంటే వాటినీ ఇదే బయటపెడుతుంది, ఒకే రాత్రిలో రెండు పనులు. మొదటి 8 శాతంలో ఎలాగూ సున్నాయే వస్తుంది, ఎందుకంటే రీబిల్డ్ అలా వచ్చేటట్టే రాసింది. అక్కడి సున్నా దేనికీ సాక్ష్యం కాదు. అసలు సాక్ష్యం మిగతా 92 శాతంలో ఉంది, ఎవరూ ముట్టుకోని చోట. తెల్లారి చూస్తే అక్కడ 37 స్ట్రైప్‌లు తప్ప అంతా సున్నా. ఆఫ్‌సెట్‌లు తేడాగా ఉంటే అంత పెద్ద ప్రాంతంలో సున్నాలు వచ్చే అవకాశమే లేదు. చదవలేని సెక్టార్ ఒక్కటీ రాలేదు.

ఇప్పుడు నిర్ణయం సులువైంది. మొదటి 8 శాతంలో నాలుగు డిస్కులూ ఒకదానికొకటి సరిపోతున్నాయి కాబట్టి ఖని వదిలినా, ఘని వదిలినా వచ్చే డేటా ఒకటే. మిగతా 92 శాతంలో ఘ తాజాగా ఉంది, ఖ కాస్త పాతబడింది. అంటే ఖని వదిలేయడం వల్ల ఎక్కడా నష్టం లేదు, ఘని వదిలేస్తే కొన్ని చోట్ల నష్టం. రాసేసిన డిస్కు లోపలికి, ఎవరూ రాయని డిస్కు బయటికి.

పనిచేసింది

కొత్త ఓవర్‌లేల మీద గ, ఘ, క, ఖాళీ అనే వరసతో మొదలుపెట్టాను. చంక్ 512 కేబీ, ఆఫ్‌సెట్ 128 ఎంఐబీ. ఎల్‌వీఎం వెంటనే కనిపించింది. వాల్యూమ్ యాక్టివేట్ అయింది, అది ఈఎక్స్‌టీ4 అని గుర్తింపు కూడా వచ్చింది. ఒక్క క్షణం పని అయిపోయిందనుకున్నాను. ఫైల్ సిస్టమ్‌ను తనిఖీ చేసే ఎఫ్‌ఎస్‌సీకేని ఏమీ రాయకుండా చూసేలా నడిపితే గ్రూప్ డిస్క్రిప్టర్లు (ఫైల్ సిస్టమ్ లోపలి పట్టికలు) చెడ్డాయంటూ తెర నిండా తప్పులు.

ఇది ప్రమాదకరమైన మలుపు. గుర్తులన్నీ కనిపిస్తుంటే, ఫైల్ సిస్టమ్ కొంచెం చెడింది, రిపేర్ చేస్తే సరి అనిపిస్తుంది. ఆ గుర్తులు ఎందుకు కనిపించాయో ఆలోచిస్తే సంగతి వేరు. ఎల్‌వీఎం గుర్తు మొదటి డిస్కు మీద ఉంది, అది సరైన చోటే ఉంది. ఈఎక్స్‌టీ4 సూపర్‌బ్లాక్ ఉన్నది ఖ స్థానంలో. దాన్ని మిగతా మూడింటి ఎక్సార్‌తో లెక్కకట్టారు, ఎక్సార్‌కి వరసతో పని లేదు. మధ్య రెండు డిస్కులు తారుమారైనా ఈ రెండు గుర్తులూ సరిగ్గానే వస్తాయి. అప్పుడు రిపేర్‌కి సరే అని ఉంటే, మంచి ఫైల్ సిస్టమ్‌ను అదే ముక్కలు చేసేది. ఓవర్‌లే ఉంది కాబట్టి నాకు నష్టం ఉండేది కాదు, అది వేరే సంగతి.

ఓవర్‌లేలు పారేసి గ, క, ఘ, ఖాళీ అని పెట్టాను. ఈసారి ఎఫ్‌ఎస్‌సీకే జర్నల్ (ఇంకా పూర్తికాని మార్పుల చిట్టా) మిగిలిపోయిందని, పదిహేను ఇరవై చిన్న తేడాలున్నాయని మాత్రం చెప్పింది. కరెంటు పోయిన ఫైల్ సిస్టమ్ ఉండాల్సినట్టే ఉంది. జర్నల్ ముట్టుకోకుండా రీడ్ ఓన్లీగా మౌంట్ చేశాను. డైరెక్టరీలు వచ్చాయి.

డైరెక్టరీలు రావడంతో ఊరుకోలేదు. 512 కేబీ కంటే చిన్న ఫైలు చాలావరకు ఒకే చంక్‌లో ఇమిడిపోతుంది, వరస తప్పినా కొన్ని అలాంటివి చక్కగా తెరుచుకుంటాయి. అందుకే వందల ఎంబీల జిప్ ఫైళ్లను ఎంచుకుని టెస్ట్ ఆప్షన్‌తో చూశాను. జిప్ లోపలే సీఆర్‌సీ అనే తనిఖీ సంఖ్య ఉంటుంది, ఒక్క చంక్ తప్పు చోట ఉన్నా పట్టేస్తుంది. అన్నీ పాసయ్యాయి. తర్వాత ఐదు వారాల డేటాను ముందు, మిగతాది తర్వాత బయటి డిస్కులకు కాపీ చేశాను.

కాపీ అయ్యాక ఇంకో ఓవర్‌లే మీద జర్నల్‌ను నడవనిచ్చి, ఎఫ్‌ఎస్‌సీకేతో రిపేర్ చేయించి, రెండు కాపీలనూ పోల్చాను. తేడాలు ఆ రాత్రి చివరి నిమిషంలో రాస్తున్న ఫైళ్లలోనే. మొత్తం ఏడు ఫైళ్లు పోయాయి. అందులో రెండు సున్నా సైజువి.

ఆ 37 స్ట్రైప్‌లను డీబగ్‌ఎఫ్‌ఎస్ అనే టూల్‌తో ఫైళ్లకు ముడిపెట్టి చూశాను. ఎక్కువ భాగం ఫైల్ సిస్టమ్ నడిమధ్యన, జర్నల్ ఉండే చోట. అది ఊహించినదే. రెండు మాత్రం ఏడాదిగా ఎవరూ ముట్టుకోని పీడీఎఫ్‌లలో ఉన్నాయి. ఆ 19 సెకన్లతో వాటికి సంబంధమే లేదు. స్ప్లిటర్ క్షణం పోయి వచ్చిన ఏదో పాత రోజున, డిస్కు క్యాషేలో ఉండి ఇంకా పలక మీదికి చేరని రాతలు పోయాయని నా అనుమానం. ఇలాంటి చోట్ల రెయిడ్ 5 తేడా ఉందని చెప్పగలదు గానీ, తప్పు ఏ డిస్కుదో చెప్పలేదు. ఆ రెండు ఫైళ్లనూ ఖని వదిలేసి ఒకసారి, ఘని వదిలేసి ఒకసారి తీశాను. రెండూ ఖ లేని కూర్పులో చిరిగిన పేజీలతో, ఖ ఉన్న కూర్పులో శుభ్రంగా వచ్చాయి. అన్ని చోట్లా ఘయే మేలన్న నా నిర్ణయానికి ఈ రెండు ఫైళ్లు మినహాయింపు.

నెలకోసారి పారిటీ సరిచూసే చెక్ నడిపి ఉంటే ఈ తేడా ఎప్పుడో బయటపడేది. ఆ చెక్ మొదట్లో సిస్టమ్‌లో దానంతట అదే నడిచేదట. చెక్ నడిచే రోజు సర్వర్ నెమ్మదిస్తోందని ఎవరో ఆపేశారు.

తర్వాత తెలిసినవి

అంతా అయ్యాక రిపోర్టు రాయడానికి ఎస్‌ఎస్‌డీ మీది పాత లాగులు తిరగేస్తున్నాను. ఏడాది కిందటి బూట్ తాలూకు కంప్రెస్ చేసిన లాగ్ ఒకటి దొరికింది. అందులో స్మార్ట్ లెక్కలు గమనించే స్మార్ట్‌డీ ప్రోగ్రామ్ మొదలైనప్పుడు ప్రతి డిస్కు పేరు పక్కనే సీరియల్ నంబర్ రాసింది. అదే బూట్‌లో ఎండీ ఏ డిస్కు ఎన్నో స్థానంలో పనిచేస్తోందో రాసింది. రెండూ పక్కపక్కన పెడితే గ, క, ఘ, ఖ. రోజున్నర కష్టపడి కనుక్కున్న వరస మొదటి నుంచీ ఆ ఎస్‌ఎస్‌డీ మీదే ఉంది. జరిగిన రాత్రి లాగ్ చదివాను గానీ, పాతవి తెరవాలని తట్టలేదు. ఇప్పుడు ఏ రెయిడ్ కేసు వచ్చినా డిస్కుల కంటే ముందు పాత లాగులు అడుగుతున్నాను. చంక్, ఆఫ్‌సెట్ మాత్రం అందులో లేవు, అవి డిస్కుల నుంచే రావాలి.

కొత్త సర్వర్‌లో, రెండు డిస్కులు పోయినా నిలబడే రెయిడ్ 6 పెట్టమన్నాను. పాత డిస్కులు బాగానే ఉన్నా ఖ, ఘలను తిరిగి వాడలేదు. అన్నిసార్లు కరెంటు దెబ్బ తిన్నవాటిని అర్రేలో పెట్టడానికి నాకు మనసొప్పలేదు. ఇందులో లెక్కకంటే నా జాగ్రత్తే ఎక్కువ. నెలవారీ చెక్ మళ్లీ మొదలుపెట్టించాను. డిస్కు పోతే వచ్చే మెయిల్ ఇన్నాళ్లూ సర్వర్‌లోని రూట్ ఖాతాకే వెళ్తోంది, అది ఎవరూ తెరవరు. దాన్ని ఇద్దరు మనుషుల మెయిళ్లకు మళ్లించి, టెస్ట్ ఆప్షన్‌తో ఒక మెయిల్ పంపించి, ఇద్దరికీ చేరిందని ఫోన్లో అడిగి తెలుసుకున్నాను.

సూపర్‌బ్లాక్ వివరాలు చూపే ఎండీఆడ్మ్ ఎగ్జామిన్ అవుట్‌పుట్‌ను ప్రింట్ తీసి పెట్టె తలుపు లోపలి వైపు అతికించింది ఆ కుర్రాడే. దాని కింద పెన్నుతో ఒక్కో స్థానం ఎదురుగా సీరియల్ నంబర్ చివరి నాలుగు అంకెలు రాశాడు, ఆ కింద నా ఫోన్ నంబర్.